నేల ఒక్క క్షణమైనా ఊరికే ఉండదట!

జగిత్యాల బయట మా చెల్కలో ఓ గుంత ఉంది. రెండున్నర అడుగుల లోతు. మీద బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టు మీద మట్టి, మట్టి మీద రెండు రాళ్ళు. చూసినవాళ్ళు లంకెబిందెలు పాతిపెట్టారా అని అడుగుతున్నారు.

లంకెబిందెలే! అంతకన్నా ఎక్కువే! ఆ బకెట్టు కింద ఒక చెవి ఉంది. నేలకు ఆనించిన చెవి! గట్టు మీద గేదె నడిస్తే దానికి తెలుస్తుంది. ఎక్కడో 30 కిలోమీటర్ల అవతల బండ పేలిస్తే దానికి తెలుస్తుంది. తెలిసిందంతా పక్కనున్న డబ్బా సెకనుకు 100 సార్లు రాసుకుంటుంది. పగలు, రాత్రి, ఎండ, వాన. కరెంటు స్తంభం నుంచి ఒక్క తీగ లేకుండా!

నేను కుదురుగా కూర్చుని నెల రోజులైంది. పెళ్ళికి వెళ్ళినా ఇదే మాట, కూరగాయలమ్మే ఆమె దగ్గరా ఇదే మాట. ఇప్పుడు మీ వంతు. వినండి!

ముందు నా సంగతి చెప్పాలి. 2025 మే 5, సాయంత్రం 7 కావస్తోంది. వంటింట్లో ఉన్నాను. గిన్నెల స్టాండు గలగలమంది. స్టీలు గ్లాసు ఒకటి దొర్లి కింద పడింది. రెండు మూడు సెకన్లు, అంతే. వీధిలోకి వచ్చి చూస్తే వాడకట్టంతా బయటే ఉంది. కరీంనగర్ నుంచి ఫోన్లు, సిరిసిల్ల నుంచి ఫోన్లు, నిర్మల్ నుంచి ఫోన్లు. కాసేపటికి టీవీలో చెప్పారు, తీవ్రత 3.8 అని.

అంతకు ముందు 2024 డిసెంబర్ 4న, పొద్దున 7:27కి, ములుగు దగ్గర 5.3 వచ్చినప్పుడూ భయపడ్డాను, మర్చిపోయాను. ఈ రెండు అంకెలకూ ఎంత తేడా ఉందో తెలుసా? ఒకటిన్నర అనుకున్నాను నేను! కాదట! శక్తి లెక్కన ములుగుది సుమారు 178 రెట్లు పెద్దది! నోరు తెరుచుకుని ఉండిపోయాను.

మరి ఆ 3.8 అని ఎవరు చెప్పారు, ఎట్లా చెప్పారు? హైదరాబాద్‌లో ఎక్కడో పెద్ద హాల్లో ఒక పెద్ద సూది ఊగుతుందని, దాన్ని చూసి చెబుతారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఊరికి దూరంగా, మనిషి లేని చోట, గుంతలో పెట్టిన చిన్న డబ్బాలే ఈ పని చేస్తాయని ఊహకు కూడా రాలేదు. డేటా లాగర్ అనే మాటే వినలేదు. జియోఫోన్ అంటే కొత్త రకం సెల్‌ఫోన్ అనుకున్నాను!

ఈ వానాకాలం చివర్లో మా అన్న కొడుకు వచ్చాడు. ఉస్మానియాలో జియోఫిజిక్స్ చదువుతున్నాడు. జీపులోంచి మూడు అట్టపెట్టెలు దించి, "అత్తా, మన చెల్కల ఓ గుంత తవ్వుకోవాల్నే, ఏమనకు" అన్నాడు. జగిత్యాలలో ఒకటి, కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి పెడతాడట. ఏదో పిల్లవాడి చదువు కదా అని సరే అన్నాను.

ఆ మధ్యాహ్నమే నా బతుకు మారిపోయింది!

నిమ్మకాయంత ఉంది జియోఫోన్. అరచేతిలో పెడితే బరువు, ఇనుప గుండులా. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ మెత్తటి స్ప్రింగుల మీద తేలే రాగి తీగ చుట్ట. నేల కదిలితే డబ్బా, దాంతోపాటు అయస్కాంతం కదులుతాయి. చుట్ట మాత్రం ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడాకు తీగలో కరెంటు పుడుతుంది. పాత సైకిలు డైనమో గుర్తుందా? చక్రం తిరిగితే లైటు వెలిగేది! అదే! అచ్చం అదే! ఇక్కడ చక్రం బదులు భూమి!

అంటే ఆ చెవికి కరెంటే అక్కర్లేదు. నేల కదలికే దానికి కరెంటు. నాకు ఒళ్ళు పులకరించింది.

వాడు దాన్ని వాకిట్లో మట్టిలో గుచ్చి, వైరు డబ్బాకు తగిలించి, ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద సన్నటి గీత పాకుతోంది. "నడువే అత్తా" అన్నాడు. నడిచాను. గీత లేచింది! నా అడుగు! ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు! గేటు దాకా పోయాను. ఇంకా లేస్తోంది! గేటు దాటి, బోరింగు దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, పిల్లిలా మునివేళ్ళ మీద నడిచాను. అయినా! చిన్న చిన్న ముళ్ళలా, అయినా లేస్తోంది!

"ఇప్పుడు ఎవ్వరు కదలకుండ్రి" అన్నాడు. అందరం బిగుసుకుపోయాం. గీత నిలబడుతుందనుకున్నాను. నిలబడలేదు! వణుకుతూనే ఉంది, జ్వరం వచ్చిన మనిషిలా. గాలికి చెట్లు ఊగడం, రోడ్డు మీద లారీలు, దూరాన ఎవరిదో మోటారు... అన్నీ నేలలో ఉన్నాయి. ఇంకా మంచి పరికరమైతే, బ్రాడ్‌బ్యాండ్ సెన్సరు అంటారే, అది బంగాళాఖాతంలో అలలు కొట్టుకునేది కూడా ఇక్కడే, ఈ జగిత్యాల గడ్డ మీదే పట్టుకుంటుందట! సముద్రం ఎక్కడ, మేమెక్కడ! యాభై మూడేళ్ళుగా ఈ నేల మీదే నడుస్తున్నాను, ఇది ఒక్క క్షణం కూడా ఊరికే లేదని నాకెవ్వరూ చెప్పలేదు!

గుంత తవ్వడం కూడా ఊరికే తవ్వడం కాదు. మెత్తటి మట్టిలో పెడితే చప్పుడు ఎక్కువ, నమ్మకం తక్కువ. కింద బండ తగలాలి. మా చెల్కలో అదృష్టం కొద్దీ రెండున్నర అడుగులకే గడ్డపార ఠంగుమంది. ఆ బండను చీపురుతో ఊడ్చి, తడిపి, పిడికెడు సిమెంటు కలిపి, చదునుగా చిన్న గద్దె కట్టాడు. దాని మీద జియోఫోన్ల డబ్బా. మేస్త్రీల రసమట్టంలో ఉన్నట్టే దాని నెత్తిన ఒక నీటిబుడగ! ఆ బుడగ నడిమధ్యకు వచ్చేదాకా మూడు కాళ్ళ మరలూ తిప్పుతూ, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. డబ్బా మీద ఒక బాణం గుర్తు. అది కచ్చితంగా ఉత్తరానికి ఉండాలి. ఎందుకంటే లోపల మూడు చెవులున్నాయి: ఒకటి పైకీ కిందికీ, ఒకటి ఉత్తర దక్షిణాలు, ఒకటి తూర్పు పడమరలు. దిక్సూచి పెట్టేముందు గడ్డపారను దూరంగా పడేయమన్నాడు, ఇనుముకు ముల్లు తప్పుతుందని. ఇవన్నీ నాకు ముందే తెలిసినట్టు తలూపాను, తర్వాత ఒక్కొక్కటీ అడిగాను!

డబ్బా అంటున్నాను కదా, ఆ లాగర్ గురించి చెప్పకపోతే నాకు తోచదు. జియోఫోన్ నుంచి వచ్చే రవ్వంత కరెంటును అది అంకెల్లోకి మారుస్తుంది. 24 బిట్లు అంటారు. అంటే ఒక నిచ్చెనకు 1,67,77,216 మెట్లు వేస్తే, కదలిక ఏ మెట్టు మీద ఉందో చెప్పగలదన్నమాట! కోటీ అరవై ఏడు లక్షల మెట్లు! చీమంత కదలికా అదే నిచ్చెన మీద, ఏనుగంత కదలికా అదే నిచ్చెన మీద. సెకనుకు 100 అంకెలు, మూడు చెవులకు కలిపి రోజుకు 2,59,20,000 అంకెలు. అన్నీ ఒక మెమరీ కార్డులో, నా బొటనవేలి గోరంత కార్డులో!

దాని గడియారం చూడండి మరి! ఒక చిన్న నల్లటి గుండీలాంటిది కర్ర మీద ఎక్కించి, ఆకాశం బాగా కనబడే చోట పాతాడు. జీపీఎస్ యాంటెన్నా. దారి చూపించడానికే జీపీఎస్ అనుకునేదాన్ని. ఇక్కడ దాని అసలు పని టైము చెప్పడం! ఉపగ్రహాల్లో అణుగడియారాలున్నాయట, వాటిని చూసి ఈ డబ్బా తన గడియారం సరిచేసుకుంటుంది. ఎందుకంత పట్టింపు? భూకంపపు మొదటి అల రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. గడియారం ఒక్క సెకను తప్పితే, ఆ ఊళ్ళో వచ్చింది ఈ ఊళ్ళో వచ్చిందని చెబుతుంది! మా గోడ గడియారం వారానికి రెండు నిమిషాలు ముందుకు పోతుంది. దాన్ని చూస్తే ఇప్పుడు జాలేస్తోంది.

ఇక కరెంటు! అసలు కథంతా ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. చెవి ఎంత మంచిదైనా, డబ్బా ఎంత తెలివైనదైనా, రాత్రి రెండింటికి బ్యాటరీ పడుకుంటే, రెండుంపావుకు వచ్చిన భూకంపం రానట్టే లెక్క!

మా వరండాలో సుద్దముక్కతో నేల మీద రాసి చూపించాడు. మా డబ్బాకు మొత్తం కలిపి సుమారు 3 వాట్లు కావాలి. మన పడకగదిలో వెనకటి జీరో బల్బు కూడా ఇంతకన్నా ఎక్కువ తాగేది! 12 వోల్టుల మీద అది పావు ఆంపియరు. 24 గంటలకు 6 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్‌దే, 100 ఆంపియర్ అవర్లది. కానీ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే మన చేతిలో ఉన్నది 50. ఆరుతో భాగిస్తే 8 రోజులు. సూర్యుడు మొహం చూపించకపోయినా 8 రోజులు వింటుంది!

సోలార్ ప్లేటు 40 వాట్లది. మన దగ్గర మంచి ఎండ రోజు 5 గంటల నిండు ఎండకు సమానం. దుమ్ముకు, వేడికి, వైర్లకు కొంత పోగా 140 వాట్ అవర్లు చేతికొస్తాయి. ఖర్చు 72. సగానికి సగం మిగులు! మరి ముసురు పట్టినప్పుడు? రెండు గంటల ఎండే అనుకుంటే 56. రోజుకు 16 తక్కువ. ఆ లోటును బ్యాటరీ లోంచి తీసుకుంటూ పోయినా నెల దాటి నిలబడుతుంది! చిట్ఫండు లెక్కకన్నా సులువుగా ఉంది! ఇంట్లో పాలలెక్క రాసే ప్రతి ఆడమనిషీ దీన్ని వేయగలదు, నేను వేశాను, సరిగ్గా వచ్చింది!

ప్లేటును దక్షిణం వైపు తిప్పి, కొద్దిగా వంచి పెట్టాలి. ఎంత వంపు? మన ఊరి అక్షాంశమంత! జగిత్యాలది 18.8 డిగ్రీలు. అంటే ఐదో తరగతి భూగోళంలో ఊరికే కంఠతా పట్టిన అంకె మా చెల్కలో ఇనుప స్టాండు వంపై కూర్చుంది!

బ్యాటరీని వేరే పెట్టెలో పెట్టాం, గాలి ఆడేలా చిల్లులు పొడిచి. ఛార్జింగులో అది హైడ్రోజన్ వదులుతుంది, మూసేస్తే ప్రమాదం. పక్కనే చిన్న ఛార్జ్ కంట్రోలరు. బ్యాటరీ మరీ కిందికి పోతే అది డబ్బాను ఆపేస్తుంది, బాగా కోలుకున్నాకనే మళ్ళీ లేపుతుంది. వైర్లన్నీ పీవీసీ గొట్టంలో, ఎలుకలకు దొరక్కుండా. పెట్టెలోకి పోయే ముందు వైరును ఒకసారి కిందికి వంచి మళ్ళీ పైకి ఎక్కించాలి. వాన నీళ్ళు వైరు వెంట జారుకుంటూ వచ్చి ఆ వంపు దగ్గర నేల మీద రాలిపోతాయి, లోపలికి పోవు! ఇంత చిన్న ఉపాయం! మా ఇంటి కేబుల్ టీవీ వైరుకు కూడా అప్పుడే వంపు పెట్టించాను!

ఇప్పుడు వేపచెట్టు సంగతి చెబుతాను. ఇది వినే తీరాలి!

నాలుగో రోజు కార్డు తీసి చూస్తే, డబ్బా తన బ్యాటరీ వోల్టేజీని కూడా రాసుకుంది. తనకెంత ఆకలిగా ఉందో తనే రాసుకుంటోంది! పొద్దున 12.4 నుంచి మెల్లగా ఎక్కుతోంది, మధ్యాహ్నానికి 14 దాటుతోంది, బాగుంది. కానీ రోజూ మూడు గంటలకు ఠక్కున ఒక పల్లం. ఇరవై నిమిషాలు. మళ్ళీ పైకి. రోజూ అదే టైముకు! ఏ దొంగ వస్తున్నాడు?

మర్నాడు మూడింటికి అక్కడే నిలబడ్డాం. వచ్చింది దొంగ! నైరుతి వైపు వేపచెట్టు కొమ్మ నీడ, నా చేతి వెడల్పంత నీడ, ప్లేటు మీద మెల్లగా పాకుతూ వచ్చింది. ప్లేటులో 36 గళ్ళుంటాయి, ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి. ఒక్క గడి మీద నీడ పడితే వరసంతా నీరసపడిపోతుంది! పైపులో ఒక్కచోట రాయి అడ్డం పడితే పొలానికంతా నీళ్ళు తగ్గినట్టు. ఆ కొమ్మ నీడ తెర మీద ఇరవై నిమిషాల పల్లమై కూర్చుంది! ఆ వోల్టేజీ గీత చూసి సూర్యుడు ఎప్పుడు ఎక్కడున్నాడో, కొమ్మ ఎంత వెడల్పుందో చెప్పవచ్చు! కొమ్మ కొట్టలేదు, ప్లేటును పదడుగులు జరిపాం. గుంతను కూడా చెట్టుకు మరీ దగ్గర తవ్వలేదని అప్పుడు సంతోషించాను, గాలికి చెట్టు ఊగితే వేళ్ళు నేలను కుదుపుతాయట, అదీ గీతలో పడుతుందట.

ఈ ప్లేటు, బ్యాటరీ కష్టాలు మా చెల్కవే అనుకోకండి. చంద్రుడి మీదా ఇవే! 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద పెట్టిన భూకంప యంత్రం సోలార్ ప్లేట్ల మీదే నడిచింది, మూడు వారాలకు ఆగిపోయింది. మన చంద్రయాన్ 3 కూడా 2023 ఆగస్టులో 'ఇల్సా' అనే యంత్రాన్ని దించింది. చంద్రుడి నేల వణుకు విన్నది! రోవరు కదిలితే ఆ కదలికను కూడా పట్టుకుంది, నా అడుగులు పట్టుకున్నట్టే! తర్వాత అక్కడ 14 రోజుల రాత్రి వచ్చింది, ప్లేట్లకు ఎండ లేదు, పడుకుంది. అంగారకుడి మీద ఇన్‌సైట్ 2018 నవంబర్‌లో దిగి 1,300కు పైగా కంపాలు విన్నది. చివరికి దాన్ని ఆపింది ఏమిటి? దుమ్ము! ప్లేట్ల మీద పేరుకున్న దుమ్ము! 2022 డిసెంబర్‌లో గొంతు మూగబోయింది. తుడిచేవాళ్ళు లేరు అక్కడ. ఇది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే పాత నూలు చీర ముక్క పట్టుకుని చెల్కకు పోయి మా ప్లేటును అద్దంలా తుడిచాను. ఇప్పటికీ రెండ్రోజులకోసారి తుడుస్తున్నాను.

రెండో డబ్బా కోరుట్లలో మా వదినె వాళ్ళ పొలం గట్టున. అక్కడ రాత్రిళ్ళు బోరు మోటార్లు, పైపు లోంచి నీళ్ళు దూకే చప్పుడు అన్నీ నేలలోకి దిగుతాయి. గీత మందంగా, తడిసిన నూలు తాడులా ఉంది. మోటార్లకు దూరంగా జరుపుకుంటూ జరుపుకుంటూ చివరికి ఓ రాతి గడ్డ మీద కుదిరింది. వదినె చాయ్ తెచ్చి, "గిది మోగుతదా?" అని అడిగింది. అప్పుడే తెర మీద గీత గడ్డిపరకల్లా లేవడం మొదలుపెట్టింది. సన్నగా, దగ్గరదగ్గరగా, పెరుగుతూ. ఏమీ వినబడటం లేదు. "రైలు!" అన్నాడు వాడు. ఒక్క క్షణం... రెండు క్షణాలు... అప్పుడు వినబడింది కూత! పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ పోయే లైను 2017లో పూర్తయింది. ఆ రోజు పట్టాలు చూడటానికి జనమంతా పోయాం. ఆ రైలును మళ్ళీ మొదటిసారి చూసినట్టుంది నాకు, ఈసారి నేలలోంచి! వదినె చాయ్ చల్లారిపోయింది, మేమిద్దరం తెర ముందే ఉన్నాం.

మూడోది సిరిసిల్ల. అయ్యో, సిరిసిల్ల!

మొదట ఊళ్ళోనే, తెలిసినవాళ్ళ పెరట్లో పెట్టి చూశాం. గీత కాదది, గోడ! తెరంతా నల్లగా నిండిపోయింది. సాంచెలు! మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలనే అంటారు. చుట్టూ వీధుల నిండా సాంచెలే. మా మేనల్లుడు ఇంకో చిత్రం తెరిచాడు. కలిసిపోయిన చప్పుళ్ళను వేగాన్ని బట్టి విడదీసి చూపించే చిత్రం. అందులో పొలాల్లో నాట్ల వరసల్లా నిలువు గీతలు! సెకనుకు 2 దాటి ఒకటి. అది నాడె అటూ ఇటూ కొట్టే దెబ్బ, సాంచె నిమిషానికి 120, 150 పోట్లు వేస్తుంది కదా! దాని రెట్టింపు దగ్గర ఇంకోటి. ఆ పైన 24 దగ్గర ఒక సూది. అది మోటారు తిరిగే వేగం! నేత నేసేవాళ్ళ చెయ్యి, కాలు, గుండె అన్నీ ఆ తెర మీద ఉన్నట్టనిపించింది.

అప్పుడు కరెంటు పోయింది.

ఏమని చెప్పను! వీధి చప్పుడు ఆగగానే ఆ నిలువు గీతలన్నీ ఒక్కసారిగా రాలిపోయాయి! నేల చదునయింది. ఆ నిశ్శబ్దం కింద అప్పటిదాకా లేనివన్నీ బయటికొచ్చాయి: దూరాన బస్సు, ఎవరో రోలు దగ్గర దంచే పోటు, పిల్లలు మెట్లు దిగి పరుగెత్తడం. ఊరంతా ఆగిపోతే మా డబ్బా ఒక్కటే, తన 12 వోల్టుల బ్యాటరీ మీద, ప్రశాంతంగా రాసుకుంటోంది. పావుగంటకు కరెంటు వచ్చింది. సాంచె తర్వాత సాంచె లేస్తుంటే గీతలు ఒక్కొక్కటే మొలిచాయి. ఇరవై ఏళ్ళుగా సిరిసిల్లకు వచ్చిపోతున్నాను, ఆ ఊరిని ఇంత దగ్గరగా ఎన్నడూ వినలేదు!

ఆ పెరడు భూకంపాలకు పనికిరాదు కాబట్టి డబ్బాను ఊరి బయటికి, గుట్ట వారకు మార్చాం. కానీ ఆ ఒక్క పూట రికార్డును నేను అడిగి దాచుకున్నాను.

మూడు డబ్బాలు ఎందుకో ఇప్పుడు చెబుతాను. భూమి కదిలినప్పుడు రెండు రకాల అలలు ఒకేసారి బయల్దేరతాయి. ఒకటి ఎక్స్‌ప్రెస్ బస్సు, ఒకటి పల్లెవెలుగు. ఒకే బస్టాండులో ఒకే క్షణాన బయల్దేరినా, దూరం పెరిగేకొద్దీ రెంటి మధ్య ఎడం పెరుగుతుంది కదా! ఆ ఎడం చూస్తే బస్టాండు ఎంత దూరమో చెప్పొచ్చు. ఒక సెకను ఎడానికి సుమారు 8 కిలోమీటర్లు. కానీ ఒక్క డబ్బా దూరమే చెబుతుంది, ఏ వైపో కచ్చితంగా చెప్పలేదు. అందుకు మూడు. మూడు ఊళ్ళ చుట్టూ మూడు వృత్తాలు గీస్తే, మూడూ కలిసే చోటే ఆ చోటు!

పదిహేడో రోజు దొరికింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, మూడు కార్డుల్లోనూ, సెకన్ల తేడాతో, తోకలాంటి ఒక కదలిక! సిరిసిల్లలో గట్టిగా, జగిత్యాలలో సన్నగా, కోరుట్లలో చూడగా చూడగా కనబడేంత. రెండో అల చాలా బలహీనంగా ఉంది, వాడు రెండు గంటలు కళ్ళు చిట్లించి వెతికాడు. సిరిసిల్లలో ఎడం 2 సెకన్లు, అంటే 16 కిలోమీటర్లు. జగిత్యాలలో 4 సెకన్లు, 32. కోరుట్లలో 4.3, 34 కిలోమీటర్ల పైచిలుకు.

జిల్లా మ్యాపు మీద మా అమ్మాయి స్కూలు కంపాసుతో నేనే గీశాను! నా చేత్తో! చేయి వణుకుతోంది. మూడు వృత్తాలూ వేములవాడకు వాయవ్యంగా, చందుర్తి వైపు, వేలి గోరంత జాగాలో కలిశాయి.

"భూకంపమా?" అన్నాను. వాడు మొదటి కదలికలు చూపించాడు. మూడు చోట్లా గీత ముందు పైకే లేచింది. భూకంపమైతే కొన్ని చోట్ల పైకి, కొన్ని చోట్ల కిందికి పోతుంది. అన్ని చోట్లా పైకే నెట్టిందంటే అది పేలుడే కావచ్చు! అణుబాంబు పరీక్షలను పసిగట్టేటప్పుడు చూసే గుర్తుల్లో ఇదొకటట!

ఆగగలమా? జీపెక్కాం. వేములవాడ దాటి, అడుగుతూ అడుగుతూ పోతే, తెల్లటి దుమ్ము, కంకర కుప్పలు, ఓ రాతి క్వారీ! అక్కడి పెద్దమనిషిని అడిగాను. "నిన్న బ్లాస్టింగ్ చేసిండ్రా అన్నా? ఎన్ని గంటలకు?" ఆయన బిత్తరపోయాడు. "చేసినం అక్కా. ఒంటిగంట దాటినంక. మీకెట్ల తెల్సె? మీది ఏ ఊరు?"

"జగిత్యాల!" అని అరిచినంత పని చేశాను.

ఇది మేం కనిపెట్టిన విద్య కాదు, మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. నాకే తెలియదు. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్ఐ 1961 నుంచి ఉంది. ఎన్నిసార్లు ఆ గేటు ముందు నుంచి బస్సులో పోయానో! 1972లో వాళ్ళు మన నెల్లూరు జిల్లా కావలి నుంచి పడమటి తీరాన ఉడిపి దాకా, బోర్లలో మందుగుండు పేల్చి, దారి పొడవునా ఈ చెవులు పరిచి, భూమి అడుగున కిలోమీటర్ల లోతున ఏముందో విన్నారు. మనం వరినాట్లు వేసుకుంటున్న నేల కింద! 1989 నుంచి వాళ్ళ ఆవరణలోని స్టేషను ఫ్రెంచి వాళ్ళ జియోస్కోప్ అనే ప్రపంచ వలయంలో ఒకటి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ బోరబండలో నేల లోంచి చప్పుళ్ళు వస్తున్నాయని జనం రోడ్ల మీదికి వస్తే, ఇట్లాంటి యంత్రాలే తెచ్చి వీధుల్లో పెట్టారు. వార్త చూశాను, ఛానల్ మార్చాను. ఇప్పుడైతే ఆ వీధికి పోయి నిలబడేదాన్ని!

మీరూ చూడండి! దయచేసి చూడండి! పెద్ద ఖర్చు లేదు. మీ సెల్‌ఫోన్‌లో కదలికను పట్టే చిన్న పరికరం ఎప్పుడో ఉంది, గీత చూపించే యాప్ వేసుకుని ఫోన్‌ను గచ్చు మీద పెట్టి పక్కన అడుగు వేయండి. ప్రభుత్వానిదే 'భూకంప్' యాప్ ఉంది, దేశంలో ఎక్కడ నేల కదిలినా చెబుతుంది. పనామాలో పుట్టిన రాస్ప్‌బెర్రీ షేక్ అనే చిన్న డబ్బాలు 2016 నుంచి ప్రపంచమంతటా మామూలు ఇళ్ళలో, బడుల్లో పెట్టుకుంటున్నారు, వాటి గీతలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. సైన్సు టీచర్లకు నా దండం, మీ బడిలో ఒక్కటి పెట్టండి! పిల్లలు గంట కొట్టగానే మెట్లు దిగే పరుగు గీతలో ఎట్లా ఉంటుందో ఊహించుకుంటేనే నాకు ఆగట్లేదు.

మా చెల్కకే రండి, ఇంకా మంచిది. వచ్చే నెల మా మేనల్లుడు డబ్బాలు తీసుకుపోతాడు, అంతలోపు రండి. పక్క చెల్క కాపు, ముసలాయన, నిన్న వచ్చి బకెట్టు పక్కన గొంతుకు కూర్చున్నాడు. చెప్పిందంతా విన్నాడు. "బిడ్డా, నేను నాగలి దున్నింది గూడ గందుల వడ్డదా?" అన్నాడు. పడింది తాతా! చూపించాను. చాళ్ళు చాళ్ళుగా, గట్టు దగ్గర ఎద్దులు మళ్ళినప్పుడల్లా ఒక ఆగుడు. వేలితో తెర మీద ఆ ఆగుళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయాడు, పన్నెండు దాకా.

రేపు పొద్దున ఆరింటికి కార్డు మార్చాలి. ప్లేటు తుడవాలి. చాయ్ ఫ్లాస్కులో తెస్తాను.